డెంగ్యూ వచ్చి డ్యూటీకి పోకపోతే షోకాజ్ నోటీసు ఇచ్చారు, ఏం జవాబు రాయాలి?

పాలమూరు ఆపరేటర్
2024 సెప్టెంబర్ 11, రాత్రి 10:20

అందరికీ నమస్తే. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో ప్రొడక్షన్ ఆపరేటర్‌ని. పర్మనెంటే, జీతం 18 వేలు, ఈఎస్ఐ, పీఎఫ్ కట్ అవుతాయి. పోయిన నెల ఆఖర్లో జ్వరం పట్టుకుంది, గోళీలు మింగుతూనే డ్యూటీకి పోయాను. బీ షిఫ్ట్ మధ్యలో కళ్లు తిరిగి పడిపోతే సెక్యూరిటీ రూమ్‌లో కాసేపు పడుకోబెట్టి, ఆటో ఎక్కించి ఇంటికి పంపారు. ఆ రాత్రే మా తమ్ముడు మహబూబ్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్పించాడు. డెంగ్యూ అన్నారు, ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి వాట్సాప్‌లో రిపోర్ట్ ఫొటో పెట్టించాను, నీలం టిక్కులు కూడా పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. డిశ్చార్జ్ అయ్యాక కూడా నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, డాక్టర్ ఇంకొన్ని రోజులు రెస్ట్ రాశాడు. అన్నీ కలిపి 12 రోజులు పోలేదు.

నిన్న పోతే గేట్ దగ్గరే ఆపి హెచ్ఆర్ దగ్గరికి పంపారు. చేతిలో షోకాజ్ నోటీసు పెట్టారు. సెలవు లేకుండా 10 రోజులకు మించి గైర్హాజరు, స్టాండింగ్ ఆర్డర్స్ (అంటే కంపెనీ డ్యూటీ రూల్స్) ప్రకారం ఇది దుష్ప్రవర్తన, ఎందుకు చర్య తీసుకోకూడదో 48 గంటల్లో చెప్పాలి అని ఇంగ్లిష్‌లో ఉంది. దాంతో పాటే ఇంకో కాగితం, అది మాత్రం తెలుగులో టైప్ చేసి రెడీగా ఉంది: "నేను సమాచారం ఇవ్వకుండా డ్యూటీకి రాలేదు, తప్పు ఒప్పుకుంటున్నాను, మళ్లీ ఇలా జరిగితే కంపెనీ ఏ చర్య తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు." దీని మీద సంతకం పెడితే ఇవాళే డ్యూటీ ఎక్కొచ్చు అన్నారు. ఆలోచించుకుని వస్తానని వచ్చేశాను. ఇన్‌చార్జ్ అయితే, వినాయక చవితి బాగా జరిగిందా అని నవ్వాడు. రేపు సాయంత్రంతో టైమ్ అయిపోతుంది, తెలిసినవాళ్లు జర చెప్పండి.

గడియారం సెంటర్, నల్లగొండ
రాత్రి 10:41

సంతకం పెట్టకు. ఇక్కడ ఇంకేం చదవకున్నా పర్వాలేదు, ఆ రెండో కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. మా బావమరిది చౌటుప్పల్ దిక్కు ఒక కెమికల్ కంపెనీలో ఇట్లాగే పెట్టిచ్చాడు. తర్వాత ఏదో చిన్న లొల్లికి అదే కాగితం తీసి ముందర పెట్టి, నువ్వే రాసిచ్చావు కదా అని ఇంక్రిమెంట్ ఆపారు.

సీ షిఫ్ట్
రాత్రి 11:15

అన్నా, నేనూ మందుల కంపెనీలోనే, వేరేది. మా దగ్గర నోటీసుల దాకా పోరు, అంతకంటే తెలివైన పని చేస్తారు. నెలలో ఒక్క రోజు రాకపోయినా అటెండెన్స్ ఇన్సెంటివ్ మొత్తం పోతుంది, ఆ రోజు జీతం ఎలాగూ పోతుంది. అందుకే 102 జ్వరంతో కూడా వస్తాం. గౌనింగ్ రూమ్‌లో హుడ్డు, మాస్కు, కళ్లద్దాలు అన్నీ వేసుకున్నాక మనిషికి జ్వరం ఉందో లేదో ఎవడికి కనపడుతుంది.

తమాషా ఏంటంటే మందుల తయారీకి షెడ్యూల్ ఎం అని రూల్స్ ఉన్నాయి కదా, జబ్బు కనపడుతున్నవాళ్లను, ఒంటి మీద మానని పుండ్లున్నవాళ్లను మెటీరియల్ ముట్టుకోనివ్వొద్దని అందులోనే రాసి ఉంటుంది. ట్రైనింగ్ ఇచ్చి, జబ్బు చేస్తే సూపర్‌వైజర్‌కి చెప్పాలి అని సంతకాలు కూడా తీసుకుంటారు. ఆడిట్ వచ్చినప్పుడు ఆ సంతకాలే చూపిస్తారు. చెప్పి ఇంట్లో కూర్చుంటే మెమో. మరి మేం ఏం చేయాలి?

హెచ్ఆర్ మనిషి
రాత్రి 11:52

షాద్‌నగర్ దిక్కు ఒక ఫ్యాక్టరీలో హెచ్ఆర్ చేస్తాను కాబట్టి తిట్టేముందు నా మాట కూడా వినండి. ఈ తమ్ముడిది నిజమైన జబ్బే అనుకుందాం, రిపోర్టులు చూస్తే తెలిసిపోతుంది. కానీ నా టేబుల్ మీదకు వచ్చే మెడికల్ సర్టిఫికెట్లలో సగం ఒకే చేతిరాత. ఊరి ఆర్ఎంపీ దగ్గర రాయించుకుని తెస్తారు, పైన ఎంబీబీఎస్ స్టాంపు ఎవరిదో ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్‌లో అందరికీ టైఫాయిడ్, దసరా తెల్లారి అందరికీ విరేచనాలు. రియాక్టర్‌లో బ్యాచ్ నడుస్తుంటే మనిషి రాలేదని ఆపలేం, రాని వాడి పని పక్కవాడు డబుల్ షిఫ్ట్ కొట్టి చేయాలి. ఆ పక్కవాడు వచ్చి నాతోనే గొడవ పెట్టుకుంటాడు.

బయటి దేశాల్లో బ్రాడ్‌ఫర్డ్ అని ఒక లెక్క ఉంది, కొన్ని పెద్ద కంపెనీలు ఇక్కడా చూస్తాయి. ఎన్ని సార్లు మానేశారో ఆ అంకెను అదే అంకెతో గుణించి, మొత్తం రోజులతో మళ్లీ గుణిస్తారు. ఒకేసారి 10 రోజులు పడుకున్నవాడికి 10 వస్తుంది, విడివిడిగా పది సార్లు ఒక్కో రోజు మానేసినవాడికి 1000 వస్తుంది. అంటే నిజంగా మంచం పట్టినవాడితో ఎవరికీ పేచీ లేదు, సోమవారం సోమవారం మాయమయ్యేవాళ్లతోనే. అయితే ఆ తెలుగు కాగితం మాత్రం నేనైతే ఇవ్వను, అది పద్ధతి కాదు.

గడియారం సెంటర్, నల్లగొండ
రాత్రి 11:58

పద్ధతి కాదని నువ్వు అంటావు, మీ పక్క కంపెనీ హెచ్ఆర్ రోజూ అదే చేస్తాడు. పది మంది దొంగ సర్టిఫికెట్లు తెచ్చారని పదకొండో వాడి ప్లేట్‌లెట్ల మీద అనుమానపడితే ఎట్లా భాయ్?

స్టాఫ్ నర్సు
సెప్టెంబర్ 12, ఉదయం 5:30

నైట్ డ్యూటీలో ఉండి ఇదంతా చదివాను. డెంగ్యూ తర్వాత నీరసం వారం పది రోజులు ఉండటం మామూలే తమ్ముడూ, అందులో నటన ఏం లేదు. జ్వరం తగ్గాకే కొంతమందికి ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అసలు జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే. నీ డిశ్చార్జ్ సమ్మరీలో రెస్ట్ ఎన్ని రోజులు రాశారో ముందు చూసుకో. మాటతో చెప్పి కాగితం మీద రాయకపోతే మళ్లీ పోయి రాయించుకో, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న స్టాంపు వేయించుకో. బ్లడ్ రిపోర్టులు తేదీల ప్రకారం అన్నీ అడుగు, ల్యాబ్ కంప్యూటర్‌లో ఉంటాయి.

మా సంగతి చెప్తే నవ్వుతారు. నేను పనిచేసేది ప్రైవేట్ ఆసుపత్రిలో. మాకు జ్వరం వస్తే మా బదులు మేమే ఇంకో సిస్టర్‌ని వెతికి పెట్టాలి, దొరక్కపోతే సెలవు లేదు. ఒకసారి నాకు కళ్లకలక వచ్చి ఎర్రగా వాచిపోతే, నల్లద్దాలు పెట్టుకుని ఇంజెక్షన్ రూమ్‌లో కూర్చో, పేషెంట్ల దగ్గరికి పోకు అన్నారు. ఇంజెక్షన్ రూమ్‌కి వచ్చేది పేషెంట్లు కాక ఇంకెవరు? ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలోనే ఉంటాయి కాబట్టి ఎవ్వరం నోరెత్తం.

లేబర్ కేసులు, నల్లగొండ
ఉదయం 7:45

వకీలుని, కార్మికుల కేసులు చూస్తాను. టైమ్ తక్కువ ఉంది కాబట్టి ముందు పని చెప్తాను, చట్టం తర్వాత.

తమ్మీ, ఈ రోజు సాయంత్రంలోపు జవాబు రాతలో ఇవ్వాలి. ఇంకో నకలు తీసుకుపో, అందినట్టు దాని మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకో. మేం తీసుకోం అంటే అక్కడే కంపెనీ మెయిల్‌కి ఫొటో తీసి పంపి, తర్వాత పోస్టాఫీసుకు పోయి రిజిస్టర్డ్ పోస్ట్ అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపు. కాగితాలన్నీ చేతికి రావడానికి టైమ్ కావాలంటే అదే జవాబులో వారం గడువు అడగొచ్చు, కానీ ఏమీ ఇవ్వకుండా మాత్రం ఉండకు.

నీ పోస్టులో అన్నిటికంటే విలువైన ముక్క వాట్సాప్ కాదు, సెక్యూరిటీ రూమ్. డ్యూటీలో పడిపోయావు, వాళ్లే ఆటో ఎక్కించారు. గేట్ దగ్గర అవుట్ రిజిస్టర్‌లో షిఫ్ట్ మధ్యలో నువ్వు బయటికి పోయినట్టు టైమ్ రాసి ఉంటుంది, ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్ ఉంటే అందులోనూ ఉంటుంది, సీసీ కెమెరా ఎలాగూ ఉంటుంది. జబ్బు సంగతి కంపెనీకి మొదటి రోజే తెలుసు. ఇక "సమాచారం ఇవ్వకుండా" అనే మాట ఎక్కడిది? జవాబులో ఆ రిజిస్టర్లను చూడమని, వాటి నకళ్లు ఇవ్వమని రాయి.

ఇప్పుడు చట్టం, ఈ 2024లో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఫ్యాక్టరీల చట్టంలో జబ్బు సెలవు అని విడిగా ఏమీ లేదు. 240 రోజులు పనిచేస్తే తర్వాతి ఏడాది 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు వస్తుంది, అంతే. షోరూమ్‌లు, షాపులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు తెలంగాణ షాపులు, సంస్థల చట్టం, 1988 కింద ఏడాదికి 12 రోజులు జబ్బు సెలవు, 12 రోజులు క్యాజువల్ ఉన్నాయి, నీకు అది వర్తించదు. కాబట్టి ఫ్యాక్టరీ కార్మికుడికి జబ్బు సెలవు అంటే ఆచరణలో ఈఎస్ఐ సర్టిఫికెట్టే. నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లు దీని కిందికి వస్తారు, నీ జీతంలో 0.75 శాతం కట్ చేసి కంపెనీ 3.25 శాతం కలుపుతుంది. జబ్బు పడితే రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు, మొదటి రెండు రోజులకు రాదు. నీది ఆగస్టు, సెప్టెంబర్‌లో వచ్చిన జబ్బు కాబట్టి, పోయిన అక్టోబర్ నుంచి ఈ మార్చి దాకా నీ పేరు మీద కనీసం 78 రోజుల కాంట్రిబ్యూషన్ పడి ఉండాలి. పర్మనెంట్ అన్నావు, పడే ఉంటుంది.

ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం జబ్బు భత్యం తీసుకుంటున్న కాలంలో, జబ్బుకు వైద్యం చేయించుకుంటున్న కాలంలో ఉద్యోగిని తీసేయడం, హోదా తగ్గించడం, ఇంకో రకంగా శిక్షించడం కుదరదు. ఆ కాలంలో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదు. అలా చేస్తే 85వ సెక్షన్ కింద నేరం కూడా.

హెచ్ఆర్ మనిషి
ఉదయం 8:20

వకీలు సార్, 73 అంటే అన్ని తాళాలకూ పట్టే చెవి కాదు కదా. వైద్యం అయిపోయి డ్యూటీకి వచ్చాక నోటీసు ఇస్తే 73 ఎక్కడ అడ్డం వస్తుంది? పైగా అతను చేరింది ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌లో, ఈఎస్ఐ డాక్టర్ దగ్గరికే పోలేదు.

లేబర్ కేసులు, నల్లగొండ
ఉదయం 9:05

మంచి ప్రశ్న, కంపెనీ వకీలు కూడా ఇదే అడుగుతాడు. బకింగ్‌హామ్ అండ్ కర్ణాటిక్ మిల్లు వర్సెస్ వెంకటయ్య అని 1960ల నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది, సెలవు లేకుండా ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం వదిలేసినట్టే అనే స్టాండింగ్ ఆర్డర్‌కు 73 అడ్డం కాదు అన్నారు. దాన్ని ఇప్పటికీ కంపెనీలు పట్టుకొస్తాయి. కానీ 1993లో డి.కె. యాదవ్ కేసులో, ఎనిమిది రోజులకు మించి రాలేదని ఎంక్వైరీ లేకుండా పేరు కొట్టేయడం చెల్లదని అదే కోర్టు చెప్పి, సగం పాత జీతంతో ఉద్యోగంలోకి తీసుకోమంది. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది: అనుమతి లేకుండా రాకపోవడం వేరు, కావాలని రాకపోవడం వేరు. జబ్బు, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం లాంటి కారణాలుంటే అది కావాలని చేసింది కాదు, కావాలనే రాలేదని రుజువు చేయాల్సింది యాజమాన్యమే. అది ప్రభుత్వ ఉద్యోగి కేసు, అయినా ఎంక్వైరీల్లో అందరం వాడతాం.

అందుకే నేను 73 ఒక్కదాని మీద నిలబడమని చెప్పట్లేదు. ఈ కుర్రాడి బలం వేరే చోట ఉంది, అతను కావాలని మానేయలేదని కంపెనీ రికార్డులే చెబుతున్నాయి.

ప్రైవేట్ ఆసుపత్రి విషయానికి వస్తే, తమ్మీ, కాగితాలన్నీ పట్టుకుని మీ ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టర్‌ని ఈ వారంలోనే కలువు. రాత్రిపూట ఎమర్జెన్సీలో చేరానని చెప్పు. బయటి వైద్యాన్ని ఒప్పుకుని సర్టిఫికెట్ ఇవ్వాలా, భత్యం ఇవ్వాలా అన్నది వాళ్ల నిర్ణయం, నేను గ్యారంటీ ఇవ్వలేను. కానీ ఆలస్యం చేసిన కొద్దీ కష్టం. 18 వేల జీతం అంటే రోజుకు 600 వేసుకో, 70 శాతం అంటే 420. పది రోజులకు 4,200. ఆసుపత్రి బిల్లు ముందు అదేం లెక్కలోకి రాదు నిజమే, కానీ నాకు ఆ డబ్బు కంటే ఆ సర్టిఫికెట్ నీ ఫైల్లో ఉండటం ముఖ్యం.

దేవరకొండ టు హైటెక్ సిటీ
ఉదయం 10:10

ఐటీలో అంతా హాయి అనుకుంటారు. మాకు నోటీసులు ఉండవు, సిక్ లీవ్ అప్లై చేయగానే "టేక్ కేర్" అని మెసేజ్ వస్తుంది, ఏడాది చివర రేటింగ్‌లో తేలుతుంది. వెన్నునొప్పితో రెండు వారాలు పడుకున్న మా టీమ్ అతనికి "అందుబాటులో ఉండటం మెరుగుపడాలి" అని రాశారు. దాని మీద ఏ లేబర్ ఆఫీసుకు పోవాలో ఎవరికీ తెలియదు.

చాక్‌పీస్
ఉదయం 10:48

రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, నాగర్‌కర్నూల్ జిల్లాలో ముప్పై ఏళ్లు పైనే పనిచేశాను. మా ప్రభుత్వ ఉద్యోగాల్లో ఏడాదికి 20 రోజులు అర్ధవేతన సెలవు జమ అవుతుంది, మెడికల్ సర్టిఫికెట్ మీద దాన్ని పూర్తి జీతంతో కమ్యుటెడ్ సెలవుగా మార్చుకోవచ్చు, ఒక రోజు వాడుకుంటే ఖాతాలో రెండు రోజులు పోతాయి, సర్వీసు మొత్తానికి 240 రోజులే. మళ్లీ చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మాకూ సెలవు హక్కు కాదని నిబంధనల్లోనే ఉంది, అయినా జబ్బుతో పడుకున్నవాణ్ని గేట్ దగ్గర ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు, ఎందుకంటే సంఘాలున్నాయి. ప్రైవేట్‌లో ఆ బలం లేదు. బాబూ, మీ ఫ్యాక్టరీలో యూనియన్ ఉందా?

పాలమూరు ఆపరేటర్
ఉదయం 11:30

యూనియన్ లేదు సార్. ఒకసారి పెట్టాలని చూసినవాళ్లను వేరే రాష్ట్రంలోని ప్లాంట్‌కు ట్రాన్స్‌ఫర్ చేశారు, అప్పటి నుంచి ఎవరూ ఆ మాట ఎత్తరు.

అందరికీ థ్యాంక్స్. పొద్దున నర్సింగ్ హోమ్‌కు పోయి నర్సు అక్క చెప్పినట్టు రిపోర్టులన్నీ తెచ్చుకున్నాను, రెస్ట్ కూడా రాయించుకున్నాను. జవాబు ఇట్లా రాశాను, చూసి చెప్పండి వకీలు సార్:

"గౌరవనీయులైన హెచ్ఆర్ మేనేజర్ గారికి, నేను చెప్పకుండా సెలవు పెట్టినందుకు దయచేసి క్షమించండి. నాకు డెంగ్యూ వచ్చింది. మా నాన్నకు షుగర్, చెల్లి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు, ఈ ఉద్యోగమే ఆధారం. ఇకపై ఎంత జ్వరం వచ్చినా డ్యూటీకి వస్తాను. ఈ ఒక్కసారి దయతలచి డ్యూటీలోకి తీసుకోగలరు."

లేబర్ కేసులు, నల్లగొండ
ఉదయం 11:55

ఇది ఇవ్వకు. వాళ్లు టైప్ చేసిన కాగితం మీద సంతకం పెట్టనని వచ్చి, అదే సంగతి నీ చేత్తో రాస్తున్నావు. "చెప్పకుండా" అని నువ్వే రాస్తే ఇక ఎంక్వైరీలో నేనేం వాదించాలి? నాన్న షుగర్, చెల్లి పెళ్లి అప్పు తీసెయ్, అవి నిజమే కావచ్చు కానీ నోటీసులో అడిగింది అది కాదు. జ్వరం వచ్చినా వస్తానని మాట ఇవ్వడం అన్నిటికంటే ప్రమాదం, మందుల కంపెనీలో ఆ మాట రాతలో ఇచ్చినవాడి మీదే రేపు ఇంకో కేసు పెట్టొచ్చు. ఇట్లా రాయి:

"తేదీ ఫలానా నాడు మీరిచ్చిన షోకాజ్ నోటీసు అందింది. అందులోని ఆరోపణలను నేను అంగీకరించడం లేదు. ఆగస్టు ఫలానా తేదీన బీ షిఫ్ట్‌లో డ్యూటీ చేస్తుండగా స్పృహ తప్పి పడిపోయాను. సెక్యూరిటీ సిబ్బంది నన్ను సెక్యూరిటీ రూమ్‌లో ఉంచి, ఆటోలో ఇంటికి పంపారు. అదే రాత్రి డెంగ్యూ జ్వరంతో ఆసుపత్రిలో చేరాను. ఈ విషయం ఫలానా తేదీ, ఫలానా సమయానికి షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కు రిపోర్టుతో సహా వాట్సాప్‌లో తెలియజేశాను, ఆయన చూసినట్టు కనబడుతోంది. డాక్టర్ సూచించిన విశ్రాంతి పూర్తి కాగానే ఫలానా తేదీన డ్యూటీకి హాజరయ్యాను. నేను రాకపోవడం కేవలం జబ్బు వల్లే, ఉద్దేశపూర్వకంగా కాదు. డిశ్చార్జ్ సమ్మరీ, రక్త పరీక్షల రిపోర్టులు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, వాట్సాప్ సందేశం నకళ్లు జతపరుస్తున్నాను. ఆ రోజు గేట్ రిజిస్టర్, ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్ పరిశీలించి నకళ్లు ఇవ్వగలరు. నోటీసును ఉపసంహరించుకుని, నేను హాజరైన రోజు నుంచి డ్యూటీలోకి తీసుకోవలసిందిగా కోరుతున్నాను."

ఫలానాలు నువ్వు నింపుకో. "హాజరైన రోజు నుంచి" అనే ముక్క వదలకు, గేట్ బయట నిలబెట్టిన రోజులకు జీతం అడగాలంటే అదే ఆధారం. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో తేదీ, టైమ్, నంబర్ కనపడాలి, ఫోన్‌లోని అసలు మెసేజ్ డిలీట్ చేయకు. ఇంకో సంగతి, స్టాండింగ్ ఆర్డర్స్ ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ గేట్ దగ్గర బోర్డు మీద పెట్టాలని చట్టంలో ఉంది. మీ గేట్ దగ్గర తెలుగు కాపీ ఉందా? లేకపోతే ఆ సంగతి గుర్తుపెట్టుకో, ఇప్పుడు రాయకు.

గడియారం సెంటర్, నల్లగొండ
మధ్యాహ్నం 12:20

సార్, ఫీజు లేకుండా ఇంత రాసిచ్చారు, ఒకసారి నల్లగొండలో కనపడండి, చాయ్ నాది.

మిల్లు గుమస్తా
మధ్యాహ్నం 1:05

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఇదంతా చదువుతుంటే మా హమాలీలు గుర్తొచ్చారు. వాళ్లకు షోకాజూ లేదు, మెమో లేదు, బస్తాకింత. రాని రోజు లెక్క పుస్తకంలో పేరు ఎదురుగా ఖాళీ ఉంటుంది, అదే శిక్ష. పోయిన సీజన్‌లో ఒకతను నడుం పట్టేసి రాలేదు, మళ్లీ వచ్చేసరికి ముఠాలో అతని జాగా ఇంకొకరికి ఇచ్చేశారు. అది తీసేయడం అని ఎవరూ అనరు. మీకు నోటీసు ఇచ్చారంటే మీరు ఉద్యోగులని వాళ్లు ఒప్పుకున్నట్టే, మా వాళ్లకు ఆ పాటి కాగితం కూడా దొరకదు.

సీ షిఫ్ట్
మధ్యాహ్నం 2:40

అన్నా ఏమాయె? ఇచ్చావా?

పాలమూరు ఆపరేటర్
సాయంత్రం 6:50

ఇచ్చాను. మొదట తీసుకోం, ఆ తెలుగు కాగితమే కావాలన్నారు. అక్కడే నిలబడి మెయిల్ పంపి ఫోన్ చూపించేసరికి లోపలికి పోయి పది నిమిషాలు మాట్లాడుకుని వచ్చి, తీసుకుని స్టాంపు వేశారు. రేపు చెబుతాం అన్నారు. గేట్ దగ్గర బోర్డు చూశాను సార్, ఉంది, ఇంగ్లిష్‌లోనే ఉంది, అది కూడా ఎండకు అక్షరాలు పోయాయి.

హెచ్ఆర్ మనిషి
సాయంత్రం 7:30

స్టాంపు వేశారంటే వెనక్కి తగ్గుతారు. అయినా నాదొక మాట, ఇక మీద ఎవరికైనా జబ్బు చేస్తే షిఫ్ట్ ఇన్‌చార్జ్ వాట్సాప్‌తో ఆగొద్దు, హెచ్ఆర్ మెయిల్‌కి ఒక్క లైన్ పెట్టించండి. ఇన్‌చార్జ్ చూసి ఊరుకుంటే నాకు తెలిసే దారి లేదు, నా సిస్టమ్‌లో మీరు ఆబ్సెంట్ అనే పడుతుంది. మీరు నన్ను తిడతారు, నేను సిస్టమ్ చూపిస్తాను.

స్టాఫ్ నర్సు
రాత్రి 8:15

ఐవీ చేతికి పెట్టుకుని మెయిల్ టైప్ చేయమంటున్నారా సార్?

హెచ్ఆర్ మనిషి
రాత్రి 8:22

తమ్ముడు ఉన్నాడు కదా మేడమ్ పక్కనే.

పాలమూరు ఆపరేటర్
సెప్టెంబర్ 19, రాత్రి 9:10

ఆలస్యమైంది, క్షమించాలి, నైట్ షిఫ్టులు. డ్యూటీలోకి తీసుకున్నారు. ఎంక్వైరీ ఏమీ లేదు. కానీ "మీ వివరణ సంతృప్తికరంగా లేదు, మానవతా దృక్పథంతో ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నాం" అని ఒక లెటర్ ఇచ్చారు, అది ఫైల్లో ఉంటుందట. 12 రోజులకూ లాస్ ఆఫ్ పే, ఇన్సెంటివ్ పోయింది, నెలంతా నైట్ షిఫ్ట్ వేశారు. ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టర్ కాగితాలు చూసి తీసుకున్నారు, మళ్లీ రమ్మన్నారు. నోటీసు పోయింది కదా అని ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నాకే ఆ హెచ్చరిక లెటర్ మనసులో పడట్లేదు.

లేబర్ కేసులు, నల్లగొండ
రాత్రి 10:00

పడకూడదు కూడా. హెచ్చరికకు జవాబు అడగలేదు కాబట్టి చాలామంది ఊరుకుంటారు, తర్వాత రెండోసారి ఏదైనా జరిగితే "గతంలోనూ హెచ్చరించాం" అని మొదలుపెడతారు. నాలుగు లైన్ల లెటర్ ఇవ్వు: హెచ్చరికను అంగీకరించడం లేదు, నా 12వ తేదీ వివరణకే కట్టుబడి ఉన్నాను, నేను చూపిన రిజిస్టర్లు పరిశీలించకుండా సంతృప్తికరంగా లేదనడం సరికాదు, దీన్ని ఫైల్లో నుంచి తీసేయగలరు. తీసేయరు, నాకు తెలుసు. నీ లెటర్ కూడా దాని పక్కనే ఫైల్లో ఉంటుంది, మనకు కావాల్సింది అదే. దాని మీద కూడా స్టాంపు.

నైట్ షిఫ్ట్ గురించి ఇప్పుడే లొల్లి చేయకు, రొటేషన్ చార్ట్ ఫొటో తీసి పెట్టుకో. నీ ఒక్కడికే నెలంతా వేశారని రెండో నెల కూడా కనపడితే అప్పుడు జిల్లా లేబర్ ఆఫీసులో రాసిద్దాం.

కొత్తూరు కాంట్రాక్ట్
సెప్టెంబర్ 20, ఉదయం 6:15

సార్ నమస్తే, నేను కాంట్రాక్టర్ కింద ప్యాకింగ్‌లో చేస్తా. నాకు పచ్చకామెర్లు, డాక్టర్ నెల రెస్ట్ అన్నాడు. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే నయమయ్యాక కనపడు, జాగా ఉంటే చూద్దాం అన్నాడు. జీతంలో ఈఎస్ఐ అని కోస్తారు కానీ కార్డు ఎప్పుడూ ఇవ్వలేదు. నాకు ఏమైనా వస్తుందా?

లేబర్ కేసులు, నల్లగొండ
ఉదయం 7:20

వచ్చే అవకాశం ఉంది. కాంట్రాక్టర్ కట్టకపోతే ఆ కంపెనీయే కట్టాలి, ఈఎస్ఐ చట్టంలో బాధ్యత అసలు యజమాని మీదే ఉంది. ముందు నీ జీతం స్లిప్ మీద ఐపీ నంబర్ (ఈఎస్ఐలో నీ పేరు మీద ఉండే నంబర్) అని పది అంకెలు ఉన్నాయేమో చూడు. స్లిప్ ఇవ్వకపోతే ఆధార్ తీసుకుని ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకు ఇంట్లోవాళ్లనైనా పంపు, నీ పేరు మీద నంబర్ ఉందో లేదో, డబ్బులు పడుతున్నాయో లేదో అడగమను. జీతం బ్యాంకులో వేస్తారా, చేతికి ఇస్తారా? అది కూడా చెప్పు, తర్వాత ఏం రాయాలో చూద్దాం.